నా మ్యాపులో మా ఊరు లేదు: పోలవరం, పర్యావరణ అనుమతి, కోనసీమ

పోయిన సెమిస్టరులో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ సెమినారుకి నేను పోలవరం తీసుకున్నాను. గోదారి జిల్లా పిల్లని, ఇంతకంటే తెలిసిన ప్రాజెక్టు ఇంకేముంటుంది అనుకున్నా. ఇరవై స్లైడ్లు చేశాను. మొదటి దాంట్లో స్పిల్‌వే ఫొటో, రెండో దాంట్లో మ్యాపు. ఆ మ్యాపులో డ్యామ్ చుట్టూ, జలాశయం చుట్టూ 10 కిలోమీటర్ల దూరంలో ఎర్ర గీత గీసి 'స్టడీ ఏరియా' అని రాశాను. ఇలాంటి ప్రాజెక్టుల నివేదికల్లో మామూలుగా కనిపించే దూరమే అది. నా సొంత తెలివేం కాదు.

చెప్పడం అయిపోయాక మేడమ్ ఒకే ప్రశ్న అడిగారు.

"మీదే ఊరమ్మా?"

"రాజోలు దగ్గరండి."

"అయితే నీ మ్యాపులో అది ఎక్కడుంది?"

లేదు. ఎర్ర గీత లోపలా లేదు, బయటా లేదు. అసలు నా మ్యాపు ధవళేశ్వరం రాకుండానే అయిపోయింది. క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వాను. హాస్టల్‌కి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు. పోలవరం గురించి మా ఇంట్లో పాతికేళ్లుగా మాట్లాడుకుంటున్నారు. అలాంటిది, దాని పర్యావరణ ప్రభావం గురించి నేను తయారు చేసిన కాగితంలోనే మా ఇల్లు లేదు.

ఈ వ్యాసం ఆ తప్పు దిద్దుకునే ప్రయత్నం. పెద్ద నీటి ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి ఎలా వస్తుంది, వచ్చాక ఏం చెయ్యాలి, అందులో నదికి దిగువన ఉన్నవాళ్లు ఎక్కడ ఉంటారు అన్నది నాకు అర్థమైన మేరకు చెప్తాను. సివిల్ కాని వాళ్లు కూడా భయపడక్కర్లేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు మా నేల గురించి

గోదారి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని రెండు పెద్ద పాయలవుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్నదే కోనసీమ. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. వశిష్ఠకీ వైనతేయకీ మధ్య ఉన్న ముక్క మా రాజోలు వైపు. అంటే మేము దీవిలో దీవి అన్నమాట. మాకు కాలవ నీళ్లు రావాలంటే వైనతేయ మీదుగా గన్నవరం అక్విడెక్టు దాటి రావాలి. ఇప్పుడున్న కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పక్కనే కాటన్ కాలపు పాతదీ ఉంది.

1847లో మొదలుపెట్టి 1852లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడు దాని చోట 175 గేట్ల బ్యారేజీ ఉంది. దాని కింద సాగయ్యే డెల్టా మొత్తం 10 లక్షల ఎకరాల పైచిలుకు. ఇంత పెద్ద డెల్టాకి వెనకాల నిల్వ మాత్రం పెద్దగా లేదు. బ్యారేజీ నీళ్లని మళ్లిస్తుందే గాని దాచిపెట్టదు. సార్వాకి వరద గోదారి ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. దాళ్వాకి వచ్చేసరికి నదిలో నీళ్లు తగ్గిపోతాయి. సీలేరు నుంచి వచ్చే నీళ్ల కోసం చూడాలి. కొరత ఉన్న ఏడు వంతులవారీగా ఇస్తారు. శివారు భూములకి ఆఖరి తడి అందుతుందో లేదో తెలీదు.

అందుకే మా తాతయ్యకి పోలవరం అంటే ఆశ. "అది కట్టేస్తే దాళ్వాకి ఢోకా లేదమ్మలూ" అని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. ఆ ఆశ తప్పు కాదు. డెల్టా స్థిరీకరణ ఆ ప్రాజెక్టు చెప్పుకునే లాభాల్లో ఒకటి. ఆ లాభం నిజమైనదే. నేను ఈ వ్యాసంలో ప్రాజెక్టు వద్దని చెప్పడం లేదు.

పోలవరం కొన్ని అంకెల్లో

ధవళేశ్వరానికి 42 కిలోమీటర్ల ఎగువన కడుతున్నారు. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే మన పెద్దవాళ్లు చెప్పే 150 అడుగులు. మొత్తం నిల్వ 194.6 టీఎంసీలు. అందులో వాడుకోదగ్గది సుమారు 75 టీఎంసీలు. 48 గేట్ల స్పిల్‌వేని 50 లక్షల క్యూసెక్కుల వరదకి రూపొందించారు. 960 మెగావాట్ల జల విద్యుత్తు, 7 లక్షల ఎకరాలకి పైగా కొత్త ఆయకట్టు, కృష్ణాకి 80 టీఎంసీలు, విశాఖకి 23 టీఎంసీల పైచిలుకు నీళ్లు.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. మా వైపు చాలామంది "పోలవరం వస్తే వరదలుండవు" అంటారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలన్నీ నీళ్లలో ఉన్నాయి. మా మేనత్త వాళ్లు నాలుగు రోజులు మేడ మీదే వండుకున్నారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. రోజుకి 86,400 సెకన్లు. 25 లక్షల్ని 86,400తో గుణిస్తే 21,600 కోట్ల ఘనపుటడుగులు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు కాబట్టి అది 216 టీఎంసీలు. ఒక్క రోజు వరద! జలాశయం పూర్తిగా ఖాళీగా ఉన్నా ఒక్క రోజులోపే నిండిపోతుంది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, దానికి రోజైనా అక్కర్లేదు. కాబట్టి పెద్ద వరద వచ్చినప్పుడు పోలవరం దాన్ని ఆపదు, కిందికి వదులుతుంది. ఏటిగట్ల అవసరం అప్పుడూ ఉంటుంది.

ఈ లెక్క మా తాతయ్యకి చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి ఈ లెక్క మాకు ఎవరూ చెప్పలేదేం?" అన్నాడు. పర్యావరణ అనుమతి ప్రక్రియ ఉన్నదే అందుకు. చెప్పడానికీ, అడగడానికీ.

అనుమతికి నాలుగు మెట్లు

మన దేశంలో దీనికి మూలం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. దాని కింద 1994లో మొదటి ఈఐఏ నోటిఫికేషన్ వచ్చింది. ఈఐఏ అంటే పర్యావరణ ప్రభావ అంచనా. 1997లో సవరించి ప్రజాభిప్రాయ సేకరణ చేర్చారు. 2006 సెప్టెంబరు 14న దాని స్థానంలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది, ఎన్నో సవరణలతో, అదే. దాని ప్రకారం మెట్లు ఇవి:

1. స్క్రీనింగ్: ఈ ప్రాజెక్టుకి పూర్తి అధ్యయనం కావాలా వద్దా అని తేల్చడం. పెద్ద నదీ ప్రాజెక్టులు 'ఏ' వర్గంలోకి వస్తాయి. వాటికి అధ్యయనం ఎలాగూ తప్పదు, అనుమతి ఢిల్లీ నుంచే రావాలి.

2. స్కోపింగ్: ఏమేం చదవాలి, ఎంత దూరం చదవాలి అని నిర్ణయించడం. కేంద్ర నిపుణుల మదింపు కమిటీ దీనికి ఒక జాబితా ఇస్తుంది. నా సెమినారులో ఎర్ర గీత గీసింది ఈ మెట్టు దగ్గరే. ఇక్కడ గీత పొట్టిగా గీస్తే ఆ తర్వాతి మెట్లన్నీ ఆ గీత లోపలే జరుగుతాయి.

3. ప్రజాభిప్రాయ సేకరణ: నివేదిక ముసాయిదాని, స్థానిక భాషలో దాని సారాంశాన్ని అందుబాటులో ఉంచాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాట్లు చేస్తుంది. కలెక్టరు గాని, ఆ స్థాయికి తగిన అధికారి గాని అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తియ్యాలి. మాట్లాడిన ప్రతి అభ్యంతరానికీ తుది నివేదికలో జవాబుండాలి.

4. మదింపు: నిపుణుల కమిటీ అన్నీ చూసి సిఫారసు చేస్తుంది. మంత్రిత్వ శాఖ షరతులతో ఇవ్వొచ్చు, తిరస్కరించొచ్చు.

రెండో మెట్టు దగ్గర ఆగిపోయిన తాజా ఉదాహరణ మన గోదారిదే. 200 టీఎంసీల వరద నీటిని రాయలసీమకి తరలించే పోలవరం–బనకచర్ల ప్రతిపాదనని 2025 జూన్‌లో నిపుణుల కమిటీ తిప్పి పంపింది. గోదావరి ట్రిబ్యునల్ తీర్పుకి సంబంధించిన అంశాలు ముందు కేంద్ర జల సంఘం దగ్గర తేల్చుకుని రమ్మంది. అంటే అధ్యయనం మొదలవకముందే ప్రశ్నలు మొదలవుతాయి. అవి అక్కడ మొదలవడమే మంచిది.

పోలవరం అనుమతి కథ

పోలవరానికి పర్యావరణ అనుమతి 2005 అక్టోబరు 25న వచ్చింది. అప్పటికి అమల్లో ఉన్నది 1994 నోటిఫికేషన్. అదే అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల వారీగా ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కాని ముంపు ఆంధ్రప్రదేశ్‌తో ఆగలేదు. శబరి, సీలేరు వెంబడి ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలోకీ వెళ్తుంది. అక్కడి జనాన్ని అడగలేదు.

దీని మీద ఫిర్యాదు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దగ్గరకి వెళ్లింది. 2007 డిసెంబరు 19న ఆ అథారిటీ అనుమతిని రద్దు చేసింది. మిగతా రెండు రాష్ట్రాల్లో ప్రజాభిప్రాయం సేకరించకపోవడం అందులో ప్రధాన కారణం. రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుకి వెళ్లి దాని మీద స్టే తెచ్చుకుంది. పనులు నడిచాయి. 2011 ఫిబ్రవరి 8న కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. ముంపు రాకుండా ఆ రాష్ట్రాల్లో కరకట్టలు కడతామన్నారు గాని, ఆ కట్టల మీదైనా అక్కడి ప్రజల్ని అడగలేదన్నది అప్పటి అభ్యంతరం. 2014లో రాష్ట్ర విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పనులు ఆపమన్న ఉత్తర్వుని రద్దు చెయ్యకుండా, గడువు పొడిగించుకుంటూ పక్కన పెడుతూ వచ్చారు. 2021 జూన్‌లో గోదారిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు కూడా.

ఒక ఇంజనీరింగ్ విద్యార్థిగా నాకు ఇందులో కనిపించిన పాఠం ఇది. అడగాల్సిన వాళ్లని అడగకపోతే టైము కలిసొస్తుంది అనుకుంటాం. కలిసిరాదు. 2005లో రెండు రాష్ట్రాల్లో పెట్టాల్సిన సభలు పెట్టనందుకు ఆ గొడవ ఇరవై ఏళ్లయినా ప్రాజెక్టుని వదల్లేదు. కాఫర్ డ్యామ్ ఎంత ఎత్తు కట్టాలో ఎంత శ్రద్ధగా లెక్క వేస్తామో, ఎవర్ని అడగాలో కూడా అంతే శ్రద్ధగా లెక్క వెయ్యాలి.

ఇంకో మాట. మొత్తం నిర్వాసితులు లక్షకి పైగా కుటుంబాలు. అందులో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. 2005లో తూర్పు గోదావరి జిల్లా ఎంత పెద్దదంటే, దేవీపట్నం దగ్గర మునిగిపోయే గూడేలూ అందులోవే, అంతర్వేది మొగ దగ్గర మా ఊళ్లూ అందులోవే. ఒకే జిల్లా. వాళ్లు నష్టపోయేవాళ్లు, మేము లబ్ధిదారులం. కాగితం మీద మాకు ఉన్న పేరు అంతే. ఆ పేరు వల్ల నేను మా ఊరిని మ్యాపులో పెట్టడమే మర్చిపోయాననిపిస్తుంది. లబ్ధిదారుకి నష్టం ఏముంటుంది అని.

ఒండ్రు లెక్క

ఇప్పుడు మేడమ్ ప్రశ్నకి జవాబు. దిగువన మాకేం జరుగుతుంది?

కోనసీమ ఎక్కడినుంచి వచ్చింది? గోదారి తెచ్చిన ఒండ్రు నుంచి. వరద గోదారి ఎర్రగా ఎందుకుంటుందో చిన్నప్పుడు మా తాతయ్యని అడిగితే "అది మన ఊరి మట్టే, కొండల మీంచి నడిచొస్తోంది" అనేవాడు. కవిత్వం అనుకున్నా. అదే డెల్టా శాస్త్రమని ఇప్పుడు తెలిసింది. డెల్టా నేల తన బరువుకి తనే కొద్దికొద్దిగా కుంగుతుంది. సముద్రం ఒడ్డుని కోస్తూ ఉంటుంది. ఈ రెండింటికీ బదులుగా నది ఏటా కొత్త మట్టి తెచ్చి వేస్తుంది. ఈ జమాఖర్చు సరిపోయినంత కాలం నేల నిలుస్తుంది.

2004లో కరెంట్ సైన్స్ పత్రికలో గోదావరి డెల్టా తీరం కోత మీద ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల వ్యాసం వచ్చింది. 1971–79 మధ్య డెల్టాకి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేది. 1990–98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకి పడిపోయింది. గోదారి మీదా, ఉపనదుల మీదా ఎగువన కట్టిన ఆనకట్టల వెనకాల మట్టి ఆగిపోవడమే కారణమని వాళ్ల వాదన. 1976కీ 2000కీ మధ్య తీరం వెంబడి నికరంగా 1,836 హెక్టార్ల నేల పోయిందని ఉపగ్రహ చిత్రాలతో లెక్క కట్టారు. గమనించండి, ఇదంతా పోలవరం లేనప్పటి సంగతి.

తేడా ఎంతో ఊహకి అందాలంటే ఒక లెక్క. 15 లోంచి 5.7 తీసేస్తే ఏటా 9.3 కోట్ల టన్నులు తగ్గింది. ఘనపు మీటరు ఒండ్రు 1.4 టన్నులనుకుంటే 6.6 కోట్ల ఘనపు మీటర్లు. కోనసీమ జిల్లా విస్తీర్ణం సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. ఆ మట్టినంతా జిల్లా మీద సమంగా పరిస్తే ఏడాదికి 3 సెంటీమీటర్ల పైన మందం. నిజంగా అదంతా మా పొలాల్లో పడదు. ఏటిగట్లు వేశాక వరద మట్టి లంకల మీదకి తప్ప లోపలికి రావడమే లేదు. ఎక్కువ భాగం సముద్రంలోకి పోతుంది, అక్కడ తీరాన్ని నిలబెడుతుంది. కాని రాకుండా పోయిన మట్టి ఎంతో తెలియడానికి ఈ లెక్క చాలు.

మరి పోలవరం దీనికి ఎంత తోడవుతుంది? హైడ్రాలజీలో బ్రూన్ వక్రరేఖ చదువుకున్నాం గుర్తుందా? జలాశయం సామర్థ్యాన్ని ఏడాదికి వచ్చే ప్రవాహంతో భాగిస్తే, ఎంత ఒండ్రు ఆగుతుందో అంచనా వస్తుంది. గోదారిలో ఏటా సగటున రెండు మూడు వేల టీఎంసీలు సముద్రంలో కలుస్తాయని అంటారు. 194.6ని 3,000తో భాగిస్తే 0.065. చిన్న నిష్పత్తే అనిపిస్తుంది. కాని ఆ వక్రరేఖ మీద అలాంటి జలాశయం వచ్చిన ఒండ్రులో నాలుగింట మూడు వంతుల దాకా ఆపగలదు.

ఇక్కడే ఇంజనీరు పని ఉంది. బ్రూన్ రేఖ నిండుగా ఉండే మామూలు జలాశయాలకి గీసింది. పోలవరం స్పిల్‌వే క్రెస్ట్ 25.72 మీటర్ల దగ్గరే ఉంది. దాని మీద 20 మీటర్ల ఎత్తు గేట్లు. వరద మొదటి వారాల్లో, ఒండ్రు ఎక్కువగా వచ్చేటప్పుడు, గేట్లు ఎత్తి మట్టాన్ని తక్కువలో ఉంచి నదిని నదిలా పోనిస్తే చాలా మట్టి దాటిపోతుంది. ఆ తర్వాత గేట్లు దించి నింపుకోవచ్చు. అలాకాక జులై నుంచే నింపి పెడితే మట్టి వెనకాల ఆగిపోతుంది. విద్యుత్తు కోసం మట్టం ఎక్కువుండాలి, ఒండ్రు కోసం తక్కువుండాలి. ఈ తగువు తేల్చేది గేట్ల నిర్వహణ నియమాలు. అంటే మా అంతర్వేది ఒడ్డు నిలవడం, పోవడం 100 కిలోమీటర్ల పైన ఎవరో ఒక గేటుని ఏ వారం ఎత్తుతారన్న దాని మీద కొంత ఆధారపడుతుంది.

అనుమతి చేతికొచ్చాకే అసలు పని

అనుమతి అంటే సర్టిఫికెట్ కాదు, షరతుల పట్టిక. దాంతోపాటు పర్యావరణ నిర్వహణ ప్రణాళిక ఉంటుంది. నదీ ప్రాజెక్టుల్లో మామూలుగా ఉండే పద్దులు: పరీవాహక ప్రాంతంలో నేల కోత తగ్గించడం, మునిగిన అడవికి బదులు అడవి, పునరావాసం, చేపలు, తవ్విన మట్టి పారబోత, దోమల వల్ల వచ్చే జబ్బుల నివారణ, దిగువకి వదలాల్సిన కనీస ప్రవాహం, ఆయకట్టులో మురుగు పారుదల, విపత్తు ప్రణాళిక. వీటిలో ఏది ఎంతవరకు అయిందో ప్రాజెక్టు వాళ్లు ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక ఎవరూ చదవకపోతే షరతు ఉన్నా లేనట్టే.

షరతు పక్కన పెడితే ఏమవుతుందో కూడా గోదారి మీదే చూశాం. పట్టిసీమ, పురుషోత్తపట్నం, చింతలపూడి ఎత్తిపోతలు పర్యావరణ అనుమతి లేకుండా చేపట్టారని 2021 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ సుమారు 120 కోట్ల రూపాయల పరిహారం కట్టమంది. రాష్ట్రం దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది.

ఆ పద్దుల్లో 'మురుగు పారుదల' అన్న మాట చూసి నేను ఆగిపోయాను. కోనసీమలో నీళ్లు రావడం ఎంత ముఖ్యమో పోవడం అంత ముఖ్యం. 2011 సార్వాలో మా రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలీల సమస్యతో పాటు డ్రెయిన్లు పూడిపోయి చేలు మునగడం కూడా దానికి కారణం. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ వెంబడి సముద్రపు పోటు నీళ్లు ఎక్కి కొబ్బరి చెట్లు తలలు రాలిపోయి మోడులై నిలబడ్డాయి.

మా తోటలోనూ అంతే. డ్రెయిన్ వైపు మూడు వరసలు పోయాయి. మొదట బొండాలు చిన్నవయ్యాయి, తర్వాత ఆకులు పసుపెక్కాయి, ఆ తర్వాత మొవ్వు వాలిపోయింది. పూడిక తీయమని తాతయ్య అర్జీలు పెట్టాడు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి రాసింది, అది మళ్లీ మొదటి ఆఫీసుకి. పక్క తోట వాళ్లు చెరువులకి లీజుకి ఇచ్చేశారు. మమ్మల్నీ అడుగుతున్నారు. ఎకరాకి వచ్చే లీజు కొబ్బరి మీద వచ్చేదానికంటే ఎక్కువే. నాన్న ఇచ్చేద్దామంటున్నారు, తాతయ్య వద్దంటున్నాడు. నా ఫీజు ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు కాబట్టి నేను ఆ మాటల్లో దూరను.

ఈ ఉప్పుకి పోలవరం కారణం కాదు, అది ఇంకా పూర్తే కాలేదు. కాని రేపు దాళ్వాకి పుష్కలంగా నీళ్లిచ్చి డ్రెయిన్లు ఇలాగే ఉంచితే ఏమవుతుంది? వేసవిలో పాయల్లో పారే మంచినీళ్లు తగ్గితే పోటు ఉప్పు ఇంకెంత లోపలికి వస్తుంది? మట్టి తగ్గిన ఒడ్డు ఇంకెంత వెనక్కి జరుగుతుంది? ఈ మూడూ పర్యావరణ ప్రశ్నలే. గీత ధవళేశ్వరం పైనే ఆపేస్తే మూడింట్లో ఒక్కటీ కనిపించదు.

మ్యాపు మళ్లీ గీశాను

దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు కొత్త మ్యాపు ప్రింటు తీసుకెళ్లాను. ఈసారి ఎగువన శబరి కొసల నుంచి దిగువన సముద్రం దాకా. ధవళేశ్వరం నుంచి అంతర్వేదికి నేరుగా గీస్తే దాదాపు 70 కిలోమీటర్లు. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని ముందు మా ఊరు వెతుక్కున్నాడు. తర్వాత వేలు పైకి జరుపుకుంటూ పోయి పాపికొండల దగ్గర ఆపాడు.

"ఇక్కడ ఊళ్లు లేచిపోయాయి కదా, వాళ్లకి ఇళ్లిచ్చారా?"

"కొందరికి ఇచ్చారు తాతయ్యా, ఇంకా చాలామందికి అవ్వాలి."

"మరి వాళ్లది అవ్వకుండా మనకి నీళ్లేంటమ్మలూ" అన్నాడు. కాసేపాగి, "ఆ మట్టి సంగతి కూడా అడగండి. మీరు చదువుకున్నారు కదా" అన్నాడు.

అందుకే ఈ వ్యాసం. అడగడానికి పెద్ద పదవులు అక్కర్లేదు. అనుమతి పత్రాలు, కమిటీ మినిట్స్, ఆరు నెలల నివేదికలు పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో వెతకొచ్చు. దొరకనివి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. చదివేటప్పుడు మూడు చూడండి: స్టడీ ఏరియా గీత ఎక్కడ ఆగింది, షరతుల్లో దిగువ గురించి ఎన్ని ఉన్నాయి, వాటి ఎదురుగా 'పురోగతిలో ఉంది' అన్న మాట ఎన్నేళ్లుగా అలాగే ఉంది.

మన క్లాసులో వంశధార వాళ్లున్నారు, పెన్న వాళ్లున్నారు, కృష్ణా దివిసీమ వాళ్లున్నారు. మీ నది మీద ఉన్న ప్రాజెక్టు మ్యాపు ఒకటి తీసి అందులో మీ ఊరు ఉందో లేదో చూసి చెప్పండి. వచ్చే సంచికకి అవన్నీ ఒకచోట పెడదాం. నాది గీయడం అయిపోయింది. దాని అడుగున చిన్న అక్షరాలతో మా ఊరి పేరు రాశాను, మూడు వరసల కొబ్బరి చెట్లు పోయిన చోట చుక్క పెట్టాను.